తొక్క తీయని సొరకాయ

మా బిల్డింగ్‌లో ఒక నియమం ఉంది. ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ తప్పరు. పక్కింటివాళ్లు గిన్నెలో ఏదైనా పంపిస్తే ఆ గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. కూర లేకపోతే నాలుగు నిమ్మకాయలు, అవీ లేకపోతే గుప్పెడు చక్కెర. పదకొండేళ్ల కింద మేం జనగామ నుంచి నాచారం వచ్చి ఈ నాలుగిళ్ల బిల్డింగ్‌లో దిగిన రోజే, కింది వాటా మార్తమ్మక్క గిన్నెడు గోంగూర పప్పు తెచ్చిచ్చి, "గిన్నెకు తొందర లేదమ్మా, నిదానంగ ఇయ్యి" అంది. ఖాళీగా ఇవ్వొద్దని దానర్థం. నాకు అర్థం కావడానికి నెల పట్టింది.

ఈ నియమంలో అందరూ చేసే దొంగపని ఒకటుంది. ఇంట్లో ఏమీ లేనప్పుడు, ఒకరింటి నుంచి వచ్చినదాన్ని ఇంకొకరి గిన్నెలోకి మార్చి పంపేస్తాం. నేనూ చేశాను. మార్తమ్మక్క ఇచ్చిన క్రిస్మస్ కేకు ముక్కల్ని మా పై వాటా రాజశ్రీ డబ్బాలో సర్ది పంపాను. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నా కొంప ముంచిందీ, నిలబెట్టిందీ ఈ దొంగపనే.

వానాకాలం మొదట్లో మా ఆయన దయాకర్‌కి సుగర్ బాగా పెరిగింది. ఆయన ఉప్పల్‌లో మోటార్లు బాగుచేసే వర్క్‌షాప్‌లో స్టోర్ కీపర్. పొద్దంతా కుర్చీలో కూర్చోవడం, సాయంత్రం బండి మీద ఇంటికి రావడం. డాక్టర్ రిపోర్టు చూసి, "రెండు నెలలు చూద్దాం. అన్నం తగ్గించి కూరగాయలు ఎక్కువ తినండి, రోజూ నడవండి. అప్పటికీ దిగకపోతే ఇన్సులిన్ ఇంజెక్షన్లు మొదలుపెడదాం" అన్నాడు. మా ఆయనకు సూది అంటే ప్రాణభయం. రక్తం తీసేటప్పుడు నా చెయ్యి పట్టుకుని అటు తిరిగి కళ్లు మూసుకునే మనిషి. ఆ మాట వినగానే మొహం తెల్లబోయింది.

డాక్టర్ చెప్పింది మూడు ముక్కలు. మిగతా ముప్పై ముక్కలు నేను ఫోన్లో చూసి నేర్చుకున్నాను. ఒకావిడ నూనె విషమంది. ఇంకొకాయన ఉప్పు విషమన్నాడు. మరొకాయన పోపు పెట్టడమే తప్పన్నాడు. ముగ్గురూ చాలా నమ్మకంగా చెప్పారు. నేను ముగ్గుర్నీ నమ్మాను. పోపుల డబ్బా తీసి అటక మీద పెట్టాను. నూనె సీసా బియ్యం డ్రమ్ము వెనక్కి పోయింది. బీరకాయ ఉడకబెట్టాను, బెండకాయ ఉడకబెట్టాను, చివరికి దొండకాయ కూడా ఉడకబెట్టాను. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం డబ్బాలో జొన్నరొట్టె, ఉడికిన కూర. రాత్రి మళ్లీ అదే. ఆయన తింటుంటే ఎదురుగా నిలబడి చూసేదాన్ని, ఒక్క ముక్క కూడా పారేయకుండా.

మొదటి వారం నోరెత్తలేదు పాపం. రెండో వారం నుంచి సాయంత్రం రాగానే "ఆకలైతలేదు హైమా" అనడం మొదలుపెట్టాడు. వర్క్‌షాప్‌లో పని ఎక్కువై అలసిపోతున్నాడేమో అనుకున్నాను. సుగర్ దిగుతోంది కాబట్టి ఆకలి కూడా తగ్గిందేమోనని కాస్త సంతోషించాను కూడా. నాకెంత తెలివో చూడండి.

నాలుగో వారంలో ఒక పొద్దున బట్టలు నానబెడుతుంటే ఆయన చొక్కా జేబులో నూనె కారుతున్న పేపరు ముక్క దొరికింది. వాసన చూశాను. మిర్చి బజ్జీ. పక్క జేబులో ఇంకో ముక్క. అది నిన్నటిది కాదు, మొన్నటిది. ఆయన డబ్బా సర్దుకుంటున్నాడు. ఆ రెండు ముక్కలూ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"గిదేంది?"

"పేపరు" అన్నాడు.

"పేపరని నాకు తెల్వదా? ఎన్ని రోజుల సంది తింటున్నవ్?"

ఆయన తలెత్తి, నేను పదకొండేళ్లలో చూడని కోపంతో చూశాడు. "మరేం జెయ్యమంటవ్? నువ్వు పెట్టేది కూరనా? గడ్డి నయం! బర్రెకన్న ఇంత ఉప్పేసి పెడ్తరు!"

డబ్బా అక్కడే వదిలేసి బండి తీసుకుని వెళ్లిపోయాడు. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. జాలితో కాదు, వట్టి కోపంతో. పొద్దున్నే అయిదున్నరకు లేచి సొరకాయ కోసి, తొక్కలో పీచు ఉంటుందని తొక్క కూడా తీయకుండా, పెసరపప్పు వేసి వండాను. గిన్నె నిండా కూర అలాగే ఉంది. దాన్ని చూస్తే ఇంకా మండింది.

మార్తమ్మక్క గిన్నె రెండు రోజులుగా మా షెల్ఫ్‌లో ఉంది, పాలకూర పప్పు తెచ్చిన గిన్నె. ఆ సొరకాయ కూరంతా అందులో వంపాను. తినని మనిషి కోసం ఇంట్లో ఉంచడమెందుకు? కిందికి తీసుకెళ్లి ఇచ్చి, గొప్పకు పోయి, "నూనె సుక్క ఎయ్యలేదక్కా, ఆరోగ్యానికి మస్తు మంచిది" అన్నాను. మార్తమ్మక్క మూత తీసి చూసింది, మూత పెట్టింది. "అట్లనా బిడ్డా" అంది. అంతే.

ఆ రోజంతా నేను వండలేదు. సాయంత్రం ఆయన వచ్చే వేళకు రొట్టెలు మాత్రం కాల్చాను, అదీ అలవాటు కొద్దీ. కూరేం చేయాలో తోచక కూర్చుంటే రాజశ్రీ తలుపు కొట్టింది. మెట్రోలో టికెట్ కౌంటర్‌లో పనిచేసే పిల్ల, పై వాటాలో తల్లితో ఉంటుంది. "మీ గిన్నె ఆంటీ, చానా రోజులైంది, సారీ" అని చేతిలో పెట్టి పరుగెత్తింది. మూత తీస్తే కూర. పైన కొత్తిమీర, మధ్యమధ్య ఎర్రగా వేగిన ఎల్లిపాయ రెబ్బలు. వాసన వంటింట్లోంచి ముందు గదికి పోయింది.

మా ఆయన వచ్చాడు. కంచం పెట్టి, ఆ కూర వేసి, అలవాటుగా ఎదురుగా నిలబడ్డాను. మొదటి ముద్ద భయం భయంగా పెట్టుకున్నాడు. రెండో ముద్ద పెద్దదైంది. మూడో రొట్టె కూడా అడిగి వేయించుకున్నాడు. చివరికి కంచం వేలితో తుడిచి నాకాడు. పొద్దున్నే గొడవపడిన మనిషికి ఉండాల్సిన మర్యాద కూడా లేదు.

"ఎవరింటి కూర?" అన్నాడు.

"రాజశ్రీ వాళ్లది."

"జర అడిగి నేర్సుకోరాదు? నువ్వు ఇట్ల వండితె నేను బజ్జీల బండి దిక్కు సూస్తనా?"

నా ఒళ్లు భగ్గుమంది. గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయాను. అడుగున రెండు ముక్కలు మిగిలాయి. అంత గొప్పదనం ఏముందో చూద్దామని నోట్లో వేసుకున్నాను. బాగుంది. నిజంగా బాగుంది. రెండో ముక్క వేళ్లతో పట్టుకుని చూశాను. సొరకాయ. దాని మీద పచ్చటి తొక్క.

మా బిల్డింగ్‌లోనే కాదు, నాకు తెలిసిన లోకంలో ఎక్కడా సొరకాయ తొక్క తీయకుండా కూర వండే మనిషి లేదు, ఒక్క నేను తప్ప.

మెట్లెక్కి పైకి పోయాను. రాజశ్రీ మొదట నసిగింది. తర్వాత ఒప్పుకుంది. "మాకు లక్ష్మీనర్సమ్మ అమ్మమ్మ ఇచ్చింది ఆంటీ. మీ గిన్నె ఉండిపోయింది గదా అని... నేను కొత్తిమీర ఏసిన, నిమ్మకాయ పిండిన. గంతే, ఒట్టు."

లక్ష్మీనర్సమ్మ పెద్దమ్మ మా ఎదురు వాటా. డెబ్బై దాటినా దబాయింపు తగ్గలేదు. "అవ్, నువ్వుల పొడి కలిపిన, ఇంత ఉప్పేసిన. తప్పా? మార్తమ్మ నా గిన్నెల పంపింది. నాకు సొరకాయ పడదు, పైకిచ్చిన. నువ్వు కేకు పైకి పంపలేదానె?"

తెలుసన్నమాట. అందరికీ అన్నీ తెలుసు.

చివరికి మార్తమ్మక్క దగ్గరికి పోయాను. ఆమె నన్ను చూడగానే నవ్వడం మొదలుపెట్టింది. నేను కోపంగా ఉండాలనుకున్నాను గానీ ఆ నవ్వు ముందు ఎంతసేపని ఉండగలను?

"ఒక్క చెంచా నూనెల పోపు పెట్టిన బిడ్డా. జీలకర్ర, ఎండుమిరపకాయ, ఎల్లిపాయ. గిన్నెడు కూరకు ఒక్క చెంచా. దానితోటి ఎవరు సస్తరు? నాకు సుగర్ వచ్చి పన్నెండేండ్లు. ముప్పై ఏండ్లు దవాఖానాల ఆయమ్మగ జేసిన. పథ్యమంటె ఏందో నాకు తెల్వదా?" అని నవ్వు ఆపి నా మొహం చూసింది. "నీ కూరల తప్పేం లేదు. కోసుడు మంచిగుంది, ఉడుకుడు మంచిగుంది. కాని నువ్వు భయంతోటి వండుతున్నవ్. తినెటోనికి గది తెలుస్తది."

మా నాన్న కాలు సుగర్‌తోనే మోకాలి దాకా తీసేశారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. రిపోర్టు చూసిన రోజు నుంచి నాకు మా ఆయన మొహం కనపడటం లేదు, కాలే కనపడుతోంది. ఈ భయం సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు మొదటిసారి మార్తమ్మక్కకు చెప్పాను. ఆమె నా తల నిమిరి, "పోయి ఆయనకు జెప్పు, నాకు గాదు" అంది.

మరునాడు ఆదివారం. ఉప్పల్ మార్కెట్‌కి వెళ్లి ఇంకో సొరకాయ తెచ్చాను. ఆయన్ని వంటింట్లోకి పిలిచి పీట వేశాను. "నిన్న నువ్వు తిన్న కూర నాదే" అన్నాను. నమ్మలేదు. "సూడు మరి" అని అటక మీది డబ్బా దించాను, డ్రమ్ము వెనక నూనె సీసా తీశాను. సొరకాయ కోశాను, తొక్కతోనే. పెసరపప్పు వేసి ఉడికించాను. పోపు గరిటె రెండో పొయ్యి మీద పెట్టాను, ఇంకా వెలిగించలేదు. ఇక చెంచాలో నూనె వంపాలి. గరిటె మీద చెంచా పట్టి సీసా వంచాను. చెంచా నిండింది, పొర్లింది, గరిటెలోకి కారింది. ఆపాలని తోచలేదు, నా చూపు పీట దగ్గర ఆయన పాదాల మీద ఉంది.

ఆయన లేచి వచ్చి సీసా నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఏమైందే?"

చెప్పాను. మా నాన్న కాలు, ఆ ఆస్పత్రి, ఈ నెల రోజులు రాత్రుళ్లు ఆయన నిద్రపోయాక నేను ఆ పాదాలు తడిమి చూసుకోవడం, అన్నీ చెప్పాను. ముక్కు చీదుకుంటూ చెప్పాను.

ఆయన గరిటెలో పడ్డ నూనెలో సగం తిరిగి సీసాలోకి వంపాడు. చాలా జాగ్రత్తగా, ఒక్క చుక్క కింద పడకుండా. "గింత చాలు" అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నాకూ భయమే హైమా. బజ్జీ రుచికి పోతలేను. ఇంట్ల కంచం ముందు కూసుంటె నేను పేషెంటును. నువ్వు నిలబడి సూస్తుంటె ఇంకింత రోగం గుర్తొస్తది. ఆ బండికాడ నిలబడితె నన్నెవ్వరు గట్ల సూడరు."

పొయ్యి వెలిగించి పోపు వేశాను. జీలకర్ర చిటపటలాడింది, ఎల్లిపాయ ఎర్రబడింది. కూరలో వేసి మూత పెట్టాను.

"ఇంకోటి చెప్పాలె" అన్నాను. "నేను నీతోటి ఎందుకు తింటలేనో తెలుసా? నువ్వు పండుకున్నంక మామిడికాయ తొక్కు, నెయ్యి ఏసుకొని అన్నం తింటున్న. నెల రోజుల సంది. నా కూర నేనే తినలేకపోయిన."

ఆయన నన్ను చూశాడు. ముందు నమ్మలేదు, తర్వాత నమ్మాడు, తర్వాత గోడకు ఆనుకుని నవ్వాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా, ఎదురు వాటా లక్ష్మీనర్సమ్మ పెద్దమ్మ "ఏమైందిరా దయాకరూ" అని అరిచేదాకా నవ్వాడు.

ఇంకో కంచం తీసి ఆయనే నా ముందు పెట్టాడు. రొట్టె వేశాడు, కూర వేశాడు. "తిను" అని తను తినకుండా నా కంచం వైపే చూస్తూ కూర్చున్నాడు, ఇన్నాళ్లూ నేను చూసినట్టే. అట్లా చూస్తుంటే తినడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. "సూడకు, నువ్వు గూడ తిను" అన్నాను. తిన్నాడు. ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం.