జనవరి దాకా ఆగని బడి

మా ఊరి కథ రాసిన ఓలుఫ్ చనిపోయి మార్చి తొమ్మిదికి డెబ్బై ఏళ్లు నిండాయి. ఆ రోజే నేను టైపు చేసిన ఆ కథ ముప్పై ఒక్క పేజీలూ ఎల్‌డ్రిడ్ టీచర్ బల్ల మీద పెట్టాను. మా రేవు గురించి పుస్తకంలోకెక్కిన కథ అదొక్కటే. బడిలో ఉన్న ఒక్క ప్రతికీ అట్ట ఊడిపోయింది. జూన్‌లో బడిని పూర్తిగా మూసేస్తున్నారు. ఆఖరి రోజున మా తొమ్మిది మంది చేతుల్లోనూ ఆ కథ పుస్తకమై ఉండాలని చలికాలమంతా కూర్చుని టైపు చేశాను. పుస్తకమైతే, నలుగురిలో మాట్లాడలేని నేను లేచి నిలబడి ఏమీ చెప్పక్కర్లేదు కూడా.

"డెబ్బై ఏళ్లయ్యాయి కదా, ఇంక కథ మీద హక్కు అందరిదీ" అన్నాను.

టీచర్ కళ్లజోడు నుదుటి మీదికి తోశారు. "పోయిన రోజు నుంచి కాదమ్మాయ్, ఆ ఏడాది ఆఖరు నుంచి లెక్క. జనవరి ఒకటి దాకా అచ్చు వెయ్యలేం."

"జనవరికి అసలు బడే ఉండదు!"

"నా మీద అరుస్తావేం? చట్టం నేను రాశానా? వారసుల్ని అడుగు."

ప్రచురణకర్తలకు రాస్తే మూడు వారాలకు రెండు వాక్యాలు వచ్చాయి: హక్కులు కుటుంబానివి, చిరునామా తెలియదు. ఊళ్లో వాకబు చేస్తే ఓలుఫ్ మనవరాలు మా ఫెర్రీ పడవలో అట్లు పోసే యోర్దిసే అని తేలింది. నాలుగేళ్లుగా శుక్రవారం శుక్రవారం ఆవిడ దగ్గరే అట్టు కొనుక్కుంటున్నాను.

"నీకు నోరుందన్నమాట!" అంది యోర్దిస్. "మీ బడి నలభై ఏళ్లు మా తాత కథను జిరాక్సులు తీసి పంచింది. ఒక్కళ్లయినా అడిగారా? ఇప్పుడు నిన్ను పంపారా?"

"ఎవరూ పంపలేదు."

ఆవిడ అట్టు తిరగేసి, చేతులు తుడుచుకుని, నా అనుమతి కాగితం మీద సంతకం పెట్టింది. "హక్కులో నాది సగమే. మిగతా సగం ట్రోమ్సోలో ఉండే మా అన్న ఐనార్‌ది. వాడు నా క్రిస్మస్ కార్డుకే జవాబివ్వడు."

నాకూ ఇవ్వలేదు. మూడు ఉత్తరాలు రాశాను. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. జూన్ వచ్చేసింది.

"అచ్చు కుదరదు" అన్నారు టీచర్ ఆఖరి పాఠం రోజున. "పాఠంలో పైకి చదవడానికైతే ఎవర్నీ అడగక్కర్లేదు."

"మీరే చదవండి."

"నేను బెర్గెన్ దాన్ని. మీ ఊరి యాస నా నోట్లో పడితే ఓలుఫ్ లేచి వస్తాడు. టైపు చేసినదానివి నువ్వున్నావుగా."

ఎనిమిది తలలు నా వైపు తిరిగాయి. ఐనార్ మీద, జనవరి మీద, సంతకాల మీద కోపంతో లేచాను. మొదటి వాక్యం చూడకుండానే వచ్చు. అయినా కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని నాకు మాత్రమే వినపడేలా చదివాను.

"వినపడట్లేదే తల్లీ!" అని వెనక బల్ల నుంచి మా క్లాసు సున్నివా అరిచింది.

మళ్లీ మొదటి నుంచి, ఈసారి గట్టిగా, మొదలుపెట్టాను.