నల్లబడని కాగితం

ఆసుపత్రి అడుగు అంతస్తులో, కిటికీ లేని గదిలో, ఆవిరి యంత్రం దగ్గర పనిచేసే ఆమెను అందరూ ఆవిరమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ గుడ్డ మూటల్లో కట్టి యంత్రంలో పెట్టాలి. కంటికి కనపడని క్రిములు చచ్చేదాకా ఆవిరి పట్టించాలి. తీసి పైకి పంపాలి. అదీ పని.

ప్రతి లోడ్‌తో పాటు వేలెడంత పసుపు కాగితం ఒకటి లోపల పెడతారు. వేడి సరిగ్గా తగిలితే అది కాటుకలా నల్లబడుతుంది. నల్లబడిందని కళ్ళతో చూసి, రిజిస్టర్లో అంటించి, అప్పుడు సంతకం పెట్టాలి. మూటకు కట్టే చీటీ మీద కూడా అప్పుడే పెట్టాలి. రూలు అది.

జరిగేది వేరు. ఒక్క యంత్రం, రోజుకు ఎనిమిది లోడ్లు, ఇద్దరు ఆడవాళ్ళు, పైనుంచి ఫోన్ మీద ఫోన్. అందుకని పొద్దున రాగానే ఎనిమిది వరసలకూ, కట్టలు కట్టలుగా చీటీలకూ సంతకాలు గీకి పారేసి, కాగితాలు మధ్యాహ్నం తీరిగ్గా అంటించడం అలవాటైంది. అలా చెయ్యమని ఎవడూ రాసివ్వలేదు. అలా చెయ్యకపోతే పని తెమలదని మాత్రం పై కుర్చీల్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు. తెలిసీ నోరెత్తరు. దొంగ సంతకం కింద ఉండే పేరు వాళ్ళది కాదు కదా!

ఆ రోజు రెండో లోడ్ మూటలు పైకెళ్ళిపోయాక, చెయ్యి కాస్త ఖాళీ అయి, ఆవిరమ్మ కాగితాలు అంటించడానికి కూర్చుంది. మొదటిది నల్లగా ఉంది. రెండోది తీసింది. దీపం కిందకి జరిగి చూసింది. తిప్పి చూసింది.

పసుపు. అంచున కాస్త గోధుమరంగు, అంతే.

యంత్రం తలుపు రబ్బరు లీకవుతోందని మూడుసార్లు రాసిచ్చారు. మూడుసార్లూ "చూద్దాం" అన్నారు. ఇదిగో, ఇప్పుడు చూడాల్సి వచ్చింది.

"వదినా!"

బల్ల అవతల గుడ్డలు మడుస్తున్న ఆవిడ తలెత్తింది. ఆవిడ ఎవరికీ సొంత వదిన కాదు, ఆసుపత్రి మొత్తానికీ వదిన.

"ఏమే, దయ్యాన్ని చూసినట్టు ఆ మొహమేంటి?"

"రెండో లోడ్ నల్లబడలేదు."

వదిన వచ్చి చూసింది. చూసి ఎంత మామూలుగా మాట్లాడిందంటే, ఆవిరమ్మకు ఆ మామూలుతనానికే భయమేసింది.

"సొరుగులో నల్లవి పాతవి బోలెడున్నాయిగా. ఒకటి అంటించి పారెయ్."

"మూటలు పైకెళ్ళాయి వదినా. మోకాలి ఆపరేషన్‌కి."

"వెళ్తే? పైన ఎటూ మందులు ఎక్కిస్తారులే. లేని ముల్లు తెచ్చి కాల్లో గుచ్చుకోకు. మీ ఆయన నడుం విరిగి ఇంట్లో పడున్నాడు. ఈ ఉద్యోగం పోతే ఏం తింటారు, మీ ప్రార్థనలు వండుకుంటారా?"

ఆవిరమ్మ కళ్ళు మూసుకుని నిజంగానే ప్రార్థన చేసింది. ఏమని? ప్రభువా, కళ్ళు తెరిచేసరికి దీన్ని నల్లగా చెయ్యి, నీళ్ళను ద్రాక్షారసం చేసినవాడివి నీకిదో లెక్కా, అని. కళ్ళు తెరిచింది. పసుపు పసుపుగానే ఉంది. అబద్ధంలో సాయం పట్టడానికి దేవుడు వదిన కాదు.

పోయిన ఆదివారం గుర్తొచ్చింది. సండే స్కూల్లో పాఠం చెప్పేది తనే. ఈ వారం ఆడిన అబద్ధం ఒక్కొక్కటి చెప్పండర్రా అని పిల్లల్ని నిలబెట్టింది. చాక్లెట్ దొంగ చెప్పాడు, పలక విరగ్గొట్టింది చెప్పింది. ముందు పళ్ళు లేని ఒక పిల్ల మాత్రం లేచి, "మలి మీరో టీచల్?" అంది. "నేనేమీ ఆడలేదమ్మా" అని నవ్వేసింది. ఆ వారం పెట్టిన సంతకాలు లెక్కేస్తే ఆరు రోజులకు ఎన్నయ్యాయో! అబద్ధం అంటే నోటితో ఆడేదే అనుకుంది ఇన్నాళ్ళూ.

ఫోన్ తీసి పైకి చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆపరేషన్ మొదలైతే ఎత్తరు.

పసుపు కాగితం పిడికిట్లో పెట్టుకుని లేచింది.

"ఒసే పిచ్చిదానా, ఆగు!" వదిన అరుస్తూనే ఉంది.

లిఫ్ట్ పైన ఎక్కడో ఆగింది. మెట్లెక్కింది. మూడు అంతస్తులు. మొదటి మలుపులో, ఇప్పుడే వెనక్కి తిరిగితే ఎవరికీ తెలీదు కదా అనిపించింది. రెండో మలుపులో కమ్మీ పట్టుకుంది. పై ప్రాణాలు పైనే పోతున్నాయి. ధైర్యం వస్తుందని చూసింది. రాలేదు. ఎంత రాకపోయినా కాలు మాత్రం మెట్టు మీద పడుతూనే ఉంది.

ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఒక ముసలావిడ, ఒళ్ళో మగవాడి చెప్పుల జత పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా, నువ్వు లోపలి మనిషివా? మా వాడిది మోకాలు. మొదలెట్టారంటావా?"

ఆవిరమ్మ బెల్లు నొక్కింది. ఒకసారి కాదు, వేలు తియ్యకుండా నొక్కింది. తలుపు తెరుచుకుంది. మేట్రన్.

"బుద్ధుందా? లోపల మత్తిచ్చారు!"

"మేడమ్, కొయ్యకండి. రెండో లోడ్ మూట సరిగ్గా ఉడకలేదు." పిడికిలి విప్పి చూపించింది. కాగితం చెమటకు తడిసిపోయింది.

మేట్రన్ దాన్ని చూడగానే వెనక్కి తిరిగి లోపలికి పరిగెత్తింది. లోపలినుంచి డాక్టర్ కేక వినపడింది. తర్వాత ఇనప సామాను ట్రేలో గలగలా పడిన చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

మేట్రన్ తిరిగొచ్చింది. చేతిలో మూటకు కట్టిన చీటీ.

"కత్తి పెట్టలేదు. ఇంకో రెండు నిమిషాలైతే..." ఊపిరి పీల్చుకుంది. "సరే, యంత్రం చెడిపోయింది, నువ్వు పట్టుకున్నావు. మంచిదే. నువ్వు సంతకం పెట్టాక రంగు మారిపోయినట్టుంది, అంతేగా?"

తలుపు తీసి పెట్టింది ఆవిడ. బయటపడే తలుపు. ఊ అంటే చాలు, దోషం యంత్రానిది, మెప్పు తనది. ఊ నాలుక చివరిదాకా వచ్చింది.

"కాదు మేడమ్. ఒకసారి నల్లబడింది మళ్ళీ పసుపవదు. చూడకుండానే పెట్టాను సంతకం."

"ఇవాళొక్కరోజేనా?"

"రోజూ అంతే. పొద్దున్నే పెట్టేస్తాం. నాలుగేళ్ళుగా."

మేట్రన్ మొహంలో రక్తం లేదు. ఆవిడకు తెలియని సంగతేం కాదిది. తెలిసిన సంగతిని ఒకరు నోరు తెరిచి పైకి చెప్పడమే ఆవిడకు దెబ్బ. "ఆ మాట ఇంకోసారి అనకు," అంది గొంతు తగ్గించి. "అంటే నీ ఒక్కదానితో పోదు."

"పోదని తెలుసు మేడమ్."

"నీ ఉద్యోగం కూడా..."

"అదీ తెలుసు."

లోపల ఎవరో పిలిచారు. మేట్రన్ వెళ్ళింది. తలుపు మూసుకుంది. ముసలావిడ అప్పటికే లేచి నిలబడింది, చెప్పులు గుండెకు ఆనించుకుని.

"ఆపేశారా? మా వాడికేమైంది?"

"ఏం కాలేదు పెద్దమ్మా. కత్తి పెట్టకముందే ఆపేశారు. సామాను శుభ్రంగా లేదు. నా తప్పే. నేను చూడకుండా పంపాను."

తిడుతుందనుకుంది. తిడితే బాగుండేది. ముసలావిడ కళ్ళు చిట్లించి ఏదో లెక్క వేసుకుంటున్నట్టు చూసింది.

"మరి నిన్న మా పక్క మంచం ఆయనకి తుంటి ఆపరేషన్ చేశారే. తెల్లారుజాము నుంచీ చలిజ్వరంతో గజగజా వణుకుతున్నాడు. ఆయన సామాను ఎవరు చూశారమ్మా?"

ఆవిరమ్మ నిన్నటి లోడ్లు గుర్తుచేసుకుంది. నిన్న మధ్యాహ్నం ప్రార్థన కూటం ఉందని గంట ముందే వెళ్ళిపోయింది తను. పొద్దున సంతకాలు మాత్రం తనే పెట్టింది. కాగితాలు అంటించింది వదిన.

మెట్లు ఎలా దిగిందో తెలీదు. గదిలో యంత్రం బుసకొడుతోంది. వదిన మూడో లోడ్ పెట్టేసింది, అదే రబ్బరుతో. ఆవిరమ్మ ముందు మీట కిందకి లాగి దాన్ని ఆపింది. తర్వాత రిజిస్టర్ తీసి నిన్నటి పేజీ తెరిచింది. ఎనిమిది కాగితాలు, ఎనిమిదీ కాటుక. నాలుగో దాని అంచు మాత్రం పాత జిగురుతో ముడుచుకుపోయి ఉంది, ఇంకెక్కడో అంటించి పీకినట్టు.

"వదినా, ఇటు చూడు. ఇది నిన్నటిదా, సొరుగులోదా?"

వదిన గుడ్డ మడుస్తోంది. మడిచిందాన్నే విప్పి మళ్ళీ మడిచింది.

"చెప్పు వదినా. పైన ఒకాయనకి జ్వరం."

"నాకూ ఇద్దరు పిల్లలున్నారే," అంది వదిన, గుడ్డకేసి చూస్తూనే.

అదే జవాబు.

ఆవిరమ్మ బల్ల ముందు నిలబడింది. తన సంగతి చెప్పడానికి భయం ఒకటే అడ్డు. ఇప్పుడు చెప్తే పోయేది వదిన కూడు. తన బిడ్డ పురిట్లో, ఈ గదిలోంచి పరిగెత్తుకొచ్చి రాత్రంతా కూర్చుంది ఈ వదినే. పైన ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి.

కానీ ఆ మనిషికి ఏ మందు ఎక్కించాలో తేలాలంటే డాక్టర్‌కు ఈ పేజీ కావాలి. ఇప్పుడే కావాలి.

"నిన్నటి సంతకం నాది," అంది. "అదే ముందు చెప్తాను. కాగితం సంగతి నువ్వే వచ్చి చెప్పు వదినా. నువ్వు రాకపోతే, అడిగినప్పుడు నేను చెప్పక తప్పదు. అబద్ధం మాత్రం ఆడను."

వదిన చేతిలో గుడ్డ జారి నేల మీద పడింది.

ఆవిరమ్మ రిజిస్టర్ చంకన పెట్టుకుని మెట్లెక్కింది. రెండోసారి ఎక్కేటప్పుడు భయం తగ్గుతుందని ఎవరన్నారో గానీ వాళ్ళు ఎన్నడూ ఎక్కి ఉండరు. మొదటి మలుపులోనే కమ్మీ పట్టుకుంది. ఆ పిల్ల బోసినోటి ప్రశ్న మెట్టుమెట్టుకీ వినపడుతోంది. కింద గదిలో యంత్రం చప్పుడు లేదు. వెనక అడుగుల చప్పుడూ లేదు, ఇంకా లేదు. తిరిగి చూడకుండా ఎక్కింది.