సన్న కేబులు

సిద్ధరాజ్ పడవ అడుగున మోకాళ్లమీద కూర్చుని, కుళ్లిన కేబులును ఇంజను దగ్గరనుంచి లాగుతున్నాడు. రాగి పోగులు పచ్చబడి, పట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. వెనకభాగంలో నీళ్లు నిలుస్తున్నాయని, పడవ నడిపే వేల్మురుగన్ బ్యాటరీని ముందుపలక కిందికి మార్చాడు. ఇక వెనక ఇంజనుదాకా కేబులు పడవ పొడవునా సాగాలి.

దూరం పెరిగితే లావు పెరగాలి. అందుకే పెన్నాగరంలోని తన కొట్టునుంచి బొటనవేలంత లావుది తెచ్చాడు. ఒకటే తెచ్చాడు. వయసులో ఉన్నప్పటినుంచీ ట్రాక్టర్లకూ లారీలకూ వైరింగు చేసిన చెయ్యి అది. ఇనుపబండికి ఒక్క కేబులు చాలు, కరెంటు తిరిగివచ్చే దారి బండి ఒళ్లే. పడవ ఒళ్లు ఫైబరు, దాంట్లో కరెంటు పారదు. ఆ సంగతి దానిమీద చెయ్యి వేసేదాకా తట్టలేదు.

"ఏమి మామా, ఇదీ ట్రాక్టరే అనుకొంటివా?" వేల్మురుగన్ నవ్వాడు.

సిద్ధరాజ్ నవ్వలేదు. అవతలి ఒడ్డు ఊళ్లో అక్క మాదేశ్వరి మంచం పట్టి, నీళ్లు కూడా మింగడంలేదు. తల్లి పోయాక అతనికి గంజి తాగించి పెంచింది ఆమే. పొద్దున ఆమె కూతురు శివగామి ఫోనుచేసి, "నీ పేరే అంటా ఉంది మామా, బిరీనా రా" అంది. ఆనకట్ట చుట్టి బస్సులు మారి పోతే రాత్రవుతుంది. రేవులో ఉన్నది ఈ పడవ ఒక్కటే.

సంచిలో ఇంకొక కేబులుంది, చిటికెనవేలంత సన్నది. వేల్మురుగన్ దాన్ని పైకి తీశాడు.

"లావుది పోయేదానికి వెయ్యి. వచ్చేదానికి ఇది చాలదా?"

"చాలదురా. పోయిందంతా దీంట్లోనే తిరిగి రావల్ల. కాగిపోతుంది."

"ఒక్కతూరి స్టార్టు అయితే అద్దరి చేరేదాకా ఆపేది లేదు గదా. రేపు మార్చుకొందాం."

ఇంకెవరి బండి అయినా వద్దనేవాడు. కోప్పడిన రైతులను కూడా వెనక్కి పంపిన మనిషి. సిద్ధరాజ్ నీళ్లవంక చూసి, సన్నదాన్ని బిగించాడు.

ఇంజను మూలిగి మూలిగి అంటుకుంది.

నది నడుమ, తెగిపోయిన వలముక్క ఒకటి నీళ్లలో తిరిగే ఫ్యానుకు చుట్టుకుని ఇంజను ఆగింది. వేల్మురుగన్ నీళ్లలోకి దిగి వల కోసి పైకెక్కాడు. తాళం తిప్పితే టక్కుమంది. మళ్లీ టక్కుమంది. సిద్ధరాజ్ సన్న కేబులును పట్టుకుని చప్పున వదిలేశాడు. పైతొడుగు మెత్తబడి కాలిన వాసన వేస్తోంది. చల్లారనిచ్చి తిప్పేసరికి బ్యాటరీలో ఓపిక అయిపోయింది.

ఉన్నది ఒక్క తెడ్డు. ఎదురుగాలి. బొబ్బ లేచిన అరచేత్తోనే సిద్ధరాజ్ తన వంతు వేశాడు.

ఒడ్డున శివగామి మొగుడు దినకరన్, తలకు చుట్టిన తువ్వాలు చేతిలోకి తీసుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంజను సద్దు విన్నాము మామా. అత్తకూ వినబడింది. 'నా తమ్ముడు వస్తా ఉండాడా' అనె. వస్తా ఉండాడు అంటిమి." నదివైపు చూశాడు. "ఆమీద సద్దు నిలిచిపోయె. శానాసేపు చూసింది."

సిద్ధరాజ్ తల ఆడించాడు. "ఎప్పుడు?"

"ఇప్పుడే మామా."

మర్నాడు అక్కకు మట్టి వేసి రేవుకు వచ్చాడు. వేల్మురుగన్ బస్సుల్లో చుట్టుతిరిగి తెచ్చిన రెండో లావు కేబులు అందించాడు. చార్జి ఎక్కిన బ్యాటరీకి సిద్ధరాజ్ దాన్ని బిగించాడు. ఇంజను మొదటి తిప్పుకే అంటుకుంది. పడవ అతన్ని ఎక్కించుకుని పోయింది.

తీసేసిన సన్న కేబులు ఒడ్డు బురదలో పడి ఉంది, పడవ పొట్ట వంపును ఇంకా వదలకుండా.