తూర్పు గట్టున దొరికిన ఎముక

ఇటుకబట్టీ మట్టి గుంత తూర్పు గట్టులో ఎముక బయటపడగానే అందరి చూపూ మేస్త్రి మీదే పడింది. పన్నెండేళ్ళ కిందట వానకి రెండు గట్లూ కూలినప్పుడు, అతని తమ్ముడు అక్కడే కూరుకుపోయాడని జనం నమ్మారు. నమ్మించింది మేస్త్రే.

మరదలు, ఆ తమ్ముడి భార్య, పరుగున వచ్చింది. "ఇన్నాళ్ళకి దొరికారు బావగారూ!" అంటూ ఎముకని కొంగుతో తుడవబోయింది.

"ముట్టుకోకమ్మా," అన్నాడు మేస్త్రి.

అది తమ్ముడిది కాదని తెలిసినవాడు అతనొక్కడే. పడమటి గట్టు కింద తవ్వొద్దని ఓనరు అప్పటికే బోర్డు పెట్టించాడు. ఇటుకకి మేలైన మట్టి అక్కడే ఉందని కక్కుర్తిపడి తమ్ముణ్ణి పంపింది తనే. కూలాక, పని ఊడుతుందన్న భయంతో "తూర్పున" అన్నాడు. జనం తూర్పునే తవ్వారు. ఈలోగా ఊట పొంగి గుంత మునిగింది. మళ్ళీ నీళ్ళు తోడించింది ఈ ఏడే.

ఎముక ముక్క పరీక్షకి పోయింది. ఆ నెలంతా మరదలు మేస్త్రికి టిఫిను డబ్బా మోసుకొచ్చింది. "చోటు మీరు చెప్పబట్టే కదా దొరికారు," అనేది.

ల్యాబు నుంచి ఒకాయన వచ్చాడు. "బతికున్నంత కాలం తిండితోపాటు ఒక రకం కార్బన్ ఒంట్లో చేరుతూ ఉంటుందమ్మా. ప్రాణం పోతే కొత్తది రాదు, ఉన్నది తరుగుతూ పోతుంది. సగం తరగడానికి అయిదు వేల ఏళ్ళ పైమాటే. ఎంత మిగిలిందో కొలిచాం. ఇతను పోయి మూడు వేల ఏళ్ళయింది."

"అయితే మన ఓనరు కంటే కాస్త చిన్నోడే!" అన్నాడు మట్టి తవ్వే మిషను డ్రైవరు. అందరూ గొల్లుమన్నారు.

మరదలు నవ్వలేదు. "మరి మా ఆయన? తూర్పంతా జల్లెడ పట్టారు కదా బావగారూ, ఇంకెక్కడున్నారు?"

ఎముకలోదైనా తరుగుతుందట. మేస్త్రి గుండెలోది ఇన్నేళ్ళలో ఆవగింజంతైనా తరగలేదు.

"మేస్త్రీ, ఇక బకెట్టు ఎటు తిప్పను?" డ్రైవరు కేకేశాడు.

మేస్త్రి చెయ్యెత్తి పడమటి గట్టు చూపించాడు.

"అక్కడ తవ్వొద్దని బోర్డుందిగా!"

"అప్పుడూ ఉందిరా," అన్నాడు మేస్త్రి, మరదలి మొహంలోకి చూడలేక.

ఆమె చేతిలోని డబ్బా అతనికివ్వకుండా నేలమీద పెట్టి, పడమటి గట్టు వైపు నడిచింది.