ఒక నిమిషం మాటకు మూడు గంటల రైలు

కువైట్‌లో ఇరాక్ సైన్యం దిగిన ఏడాది, డిసెంబరు నెలలో, నేను మంచుకొండల్లో రైలెక్కాను. ఆ చలికి నా మీసం ఎడమ కొస పుటుక్కున విరిగితే మా యజమానురాలు తలపిన్నుతో అతికించింది. నమ్మకపోతే మానేయండి. నా మాట ఎవరూ నమ్మకపోవడం వల్లే ఆ రోజు అంత చిక్కొచ్చి పడింది.

కువైట్‌లో అహ్మది అనే చోట ఆమె ఇంట్లో నేను వంటవాణ్ణి, నా భార్య గురమ్మ పనిమనిషి. అమ్మను పిలిచే అరబ్బీ మాటతో ఇంటావిడను అందరం మామా అనేవాళ్ళం. జులై ఎండలు తప్పించుకోవడానికి మామా యూరప్ బయలుదేరుతూ నన్నూ, డ్రైవర్ హుస్సేన్ పీరానూ వెంట తీసుకుంది. గురమ్మను ఇంటికి కాపలా పెట్టి, "నేను చెప్పేదాకా గడప దాటొద్దు" అంది. గురమ్మ సరేనంది.

ఆగస్టులో సైన్యం దిగింది. ఫోన్లు పోయాయి. ఆ నెలాఖరున తప్పించుకొచ్చిన మామా తమ్ముడు ఒక్క కబురు తెచ్చాడు. వెంట రమ్మని పిలిస్తే, మామా చెప్పందే కదలనని గురమ్మ లోపల తాళం వేసుకుందట. ఆ తరువాత నాలుగు నెలలు ఏ కబురూ లేదు. ఇరాక్ వెనక్కి పోకుండా జనవరి పదిహేను దాటితే యుద్ధమేనని టీవీలన్నీ చెబుతున్నాయి.

అప్పుడు తెలిసింది, ఫలానా కొండ ఊరికి రేడియో మనిషి వస్తున్నాడని. పాతకాలపు ఊరు, పేరు నాకిప్పటికీ నోరు తిరగదు. దేశం వదిలొచ్చిన వాళ్ళ మాటలు టేపులో పట్టి, అక్కడ మిగిలినవాళ్ళకు వినిపిస్తాడట. ఇంటికొక నిమిషం. మంచుకు రోడ్డు మూసేశారు కాబట్టి ముగ్గురం రైలెక్కాం.

"గురమ్మకు ఏం చెబుతావు మామా?" అని అడిగాను. మామా మాట్లాడేది అరబ్బీ. నేను మన మాటల్లో చెబుతున్నాను.

"ఏముంది. గేటు తాళం తియ్యొద్దని. తివాచీలు ఎండలో వెయ్యమని. నేనొచ్చేదాకా ఇల్లు జాగ్రత్త అని."

"వెళ్ళిపొమ్మని చెప్పు మామా. దానికి గుండె జబ్బు."

మామా నవ్వింది. "రంజాను నెలలో సెలవడిగినప్పుడు మూత్రపిండమన్నావే. పైకి పాకిందా?"

"రెండూ ఉన్నాయి మామా."

"నీకు నాలుక జబ్బుంది సుబ్బయ్యా, అదొక్కటే నిజం."

పీరా నా వైపు వంగి మన తెలుగులో గొణిగాడు. "సుబ్బన్నా, నువ్వు మాట్లాడేకొద్దీ ఆయమ్మకు నగువొస్తాండాది. రోంతసేపు నోరు మూసుకో."

"మూసుకుంటే పని అయితాదా?"

"మూసుకున్నెది ఎప్పుడన్నా చూసినామా, అయితాదో లేదో తెలిసేదానికి?"

మూసుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని మరొకటి చెయ్యలేదు. కూర్చున్నాను, లేచాను, అద్దం తుడిచాను, టిఫిన్ డబ్బా తెరిచి మూశాను. పట్టాల మధ్య పళ్ళున్న మూడో పట్టా ఒకటుంది. రైలు దాన్ని కరుచుకుంటూ కొండెక్కుతోంది. ఇది నిజం, నేను కల్పించలేదు. మలుపు వచ్చినప్పుడల్లా పీరా లేని బ్రేకును కాలితో తొక్కుతున్నాడు.

గంటన్నర గడిచాక మామాకు తోచలేదు. "ఏం, కథలేవీ లేవా?"

తల అడ్డంగా ఊపాను.

"ఈ కొండ గురించైనా చెప్పు."

"కొండ ఉంది మామా."

"మంచో?"

"తెల్లగా ఉంది."

మామా చేతిలోని జపమాల ఆగింది. "ఒంట్లో బాగోలేదా నీకు?"

"గురమ్మ నీకిచ్చిన మాట తప్పదు మామా. అంతే."

ఈసారి ఆమె నవ్వలేదు. దిగేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ చెక్కవి. గుమ్మాల మీద కట్టిన సంవత్సరాలు చెక్కి ఉన్నాయి, కొన్నింటికి నాలుగొందల ఏళ్ళు. హోటల్ కింది గదిలో మా వంతు వచ్చింది. రేడియో మనిషి బటన్ నొక్కాడు.

"గురమ్మా, నేను" అని మామా ఆగిపోయింది. టేపు తిరుగుతోంది. నేను పీరా జబ్బ పట్టుకున్నాను.

"తివాచీలు" అంది. మళ్ళీ ఆగింది. నా చేతి కింద పీరా "యా అల్లా" అన్నాడు.

"తివాచీలు పోతే పోనీ. ఇల్లు పోతే పోనీ. ఖలాస్. నువ్వు మీ ఊరికి వెళ్ళు." తరువాత, ఎదురుగా గురమ్మే నిలబడి ఉన్నట్టు కసిరింది. "యల్లా, కదులు, ఇంకా చూస్తావేం?"

జనవరిలో బాంబులు పడ్డాయి. మామా అన్నం మానేసి టీవీ ముందు కూర్చుంది. నేనూ వండడం మానేశాను, తినేవాళ్ళే లేరు. వారం తరువాత, మేము వదిలిన హోటళ్ళన్నీ తిరిగి తిరిగి, మా రాయచోటి తపాలా ముద్రతో ఉత్తరమొచ్చింది. గురమ్మ ఎవరి చేతనో రాయించింది.

"అక్టోబరులోనే ఇంటికొచ్చినా. బియ్యమైపోయినాయి, నీళ్ళు రాలేదు. అబ్బాసియా పేటలో ఉండే మనోళ్ళు జోర్డాన్ బస్సెక్కతాంటే నేనూ ఎక్కినా. మామాకు చెప్పకుండా వచ్చినందుకు సిగ్గుగా ఉండాది. నువ్వే ఏదైనా కత కట్టి చెప్పు."

రెండుసార్లు చదివి, ముఖం కడుక్కుని, మామా దగ్గరికి వెళ్ళాను. "గురమ్మ ఇల్లు చేరింది మామా."

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "నా మాట విన్నదా?"

"విన్నది మామా. రేడియోలో నీ గొంతు వినపడగానే గడప దాటిందట."

మామా మారు ప్రశ్న వెయ్యలేదు. పక్క గదుల వాళ్ళకు చెప్పడానికి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది.