మత్తయి పడవ అతుకు

పొగడ్తకు పొంగనివాళ్ళు ఎక్కడైనా ఉంటారేమో గానీ మత్తయి మాత్రం ఆ కోవలోవాడు కాదు. చర్చి కిటికీ అద్దాల చుట్టూ సిలికాన్ జిగురు పూసి వాన కారకుండా చేసినందుకు పాస్టరు అయ్యగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. అంతే, సిలికాన్‌తో అతకనిది లోకంలో లేదని మత్తయి తేల్చేసుకున్నాడు. తన పడవ అడుగున చెక్క అతుకు విడిపోతే, మిగిలిన ట్యూబంతా దానికే పట్టించాడు.

సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తోంది. ఎల్లుండి పొద్దున్నే తమ్ముడు శ్యామ్ ఆ పడవలో సముద్రం మీదికి వెళ్ళాలి. ఏటా మొదటి వేటకు ముందు ఆ పాస్టరు అయ్యగారే బాపట్ల నుంచి వచ్చి ఒడ్డున ప్రార్థన చేస్తారు. ఈసారి ఆ ప్రార్థన మత్తయి పడవ దగ్గరే. ఎందుకైనా మంచిదని ఇంకో పూత వేద్దామనుకుని, మత్తయి రేపల్లెలో రైలెక్కి తెనాలిలో జాన్ సైదా హార్డువేరు కొట్టుకు వెళ్ళాడు.

"దేనికండీ బాబాయ్, సిలికాన్?"

"పడవ అడుక్కి."

జాన్ సైదా తీసిన ట్యూబు మళ్ళీ అలమరలో పెట్టేశాడు. "అద్దాలకైతే బ్రహ్మాండం. నీళ్ళలో నానే చెక్కకి ఇది ఆగదండి. నీళ్ళలోనూ పట్టుండే పీయూ సీలెంట్ తీసుకెళ్ళండి."

"సర్లే, ఉన్నదాని మీదే పూసేస్తా."

"సిలికాన్ మీద ఇంకేదీ అంటుకోదు బాబాయ్. మొత్తం గీకి, గరుకు కాగితంతో రుద్ది, శుభ్రంగా తుడిచాకే పూయాలి. ఆ తర్వాత రెండ్రోజులు నీళ్ళు తగలకూడదు."

రెండ్రోజులా! పరువు గంగలో కలిసినట్టే. పీయూ ట్యూబు కొన్నాడే గానీ, దారంతా సైదాను తిట్టుకుంటూనే ఇంటికొచ్చాడు.

వచ్చీరాగానే పడవ కింద దూరి పాత పూతను గోరుతో లాగి చూశాడు. మూరెడు పొడవున అరటితొక్కలా ఊడొచ్చింది.

"పైన రంగేసేద్దాం అన్నయ్యా, ఎవరికి తెలుస్తది?" అన్నాడు శ్యామ్.

మత్తయి మళ్ళీ పడవ కింద దూరాడు. సాయంత్రం దాకా గీకాడు, రుద్దాడు. మర్నాడు పొద్దున కొత్త మందు పూశాడు.

మొదటి వేట రోజు ఒడ్డున జనం చేరారు. ఇంజన్లు మోగుతున్నాయి. అయ్యగారు పడవ దగ్గర బైబిలు తెరిచారు. మత్తయి భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. సిగ్గేసింది. అయినా చెప్పాడు.

"అయ్యగారూ, నా పడవ ఇవ్వాళ దిగదండి. పనికిరాని మందు పూశాను, నిన్ననే మార్చాను. అతుకింకా ఆరలేదు. తప్పు నాదేనండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు బైబిలు మూశారు. "ఇంతమందిలో చెప్పకపోతే ఏం, మత్తయీ? మెల్లగా నా చెవిలో చెప్పొచ్చుగా?"

"చెవిలో చెబితే వీడు వినడండి," అన్నాడు మత్తయి తమ్ముడి చెయ్యి పట్టుకుని. "ఇప్పుడే ఎక్కేస్తానంటాడు. నాకు వీడొక్కడే తమ్ముడండి."