నాలుగు వేల పద్దెనిమిది రోజులు

పాత ఇనుము లారీ పన్నెండింటికి వస్తుందని ఓనరమ్మ ఫోన్లో చెప్పింది. నేను దాయా ఊళ్లోని ఆమె షెడ్డుకు చేరేసరికే పది దాటింది.

పాత యంత్రాల బుర్రలు బాగుచేయడం నా పని. కొత్తవాటికి వాటి కంపెనీ మనుషులుంటారు. ఇరవై ఏళ్ల నాటి బోర్డు మొరాయిస్తే మాత్రం తైచుంగ్ నగరం చుట్టుపక్కల అందరూ నాకే ఫోన్ చేస్తారు. ఈసారి మొరాయించింది సైకిల్ పెడల్ ఇరుసులు కోసే లేత్. చింగ్‌మింగ్ సెలవులకు అందరూ పెద్దల సమాధులు ఊడ్చడానికి వెళ్లారు. షెడ్డులో నాలుగు రోజులు కరెంటు కట్టేశారు. ఇవాళ, సోమవారం ఉదయం స్విచ్చి వేస్తే తెర నల్లగానే ఉండిపోయింది.

ఓనరమ్మ లియావ్ ఈ లేత్‌ను వదిలించుకోవాలని రెండేళ్లుగా చూస్తోంది. దీన్ని నడపడం షూ అనే ఇంటిపేరున్న మేస్త్రీ ఒక్కరికే వచ్చు, ఆయనకు అరవై ఏడు దాటాయి. అదీ ఆమె భయం. పన్నెండులోపు బాగుపడకపోతే లేత్ పాత ఇనుము లారీలో పోతుంది, మేస్త్రీ ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చుని అట్టపెట్టెలకు లేబుళ్లు అంటించాలి. ఆ మాట ఉదయమే చెప్పేసిందట. మేస్త్రీ నాకు టీ కూడా ఇవ్వకుండా నేరుగా లేత్ దగ్గరికి లాక్కుపోయాడు.

లేత్ నెత్తిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఉంది. దాని పేరుకు 'బుద్ధిగా ఉండు' అని అర్థం. మా దగ్గర అది లేకుండా ఏ యంత్రాన్నీ నమ్మరు. తిప్పి తేదీ చూశాను.

"దీని గడువు పోయిన నెలే అయిపోయింది మేస్త్రీ. పాచితిండి పెడితే ఏ యంత్రం మాత్రం మాట వింటుంది?"

కొత్తది తెచ్చేలోపు సెలవులొచ్చాయని గొణిగాడు.

రేకు పెట్టె విప్పాను. లోపల అరచెయ్యంత బోర్డు, దాని మూల చచ్చిపోయిన బిళ్ల బ్యాటరీ. కరెంటు లేనప్పుడు బోర్డుకు తన అమరికలు గుర్తుండేది ఆ బ్యాటరీ దయవల్లే. అది పోతే బోర్డు అప్పుడే పుట్టిన బిడ్డ. తనకు ఏ తెర తగిలించారో, ఏ తీగ ఎటు పోతుందో దానికేమీ తెలీదు.

బ్యాటరీ మార్చాను. ఆఫీసులోని మామూలు మానిటర్, ఒక కీబోర్డు తెచ్చి తగిలించి, స్విచ్చి వేస్తూనే డిలీట్ మీట నొక్కిపట్టాను. నీలం రంగులో అమరికల పేజీ వచ్చింది.

ఎక్కడ ఏం పెట్టాలో మేస్త్రీ లేత్ వచ్చిన ఏడాదే రేకు మూత లోపలివైపు మార్కర్‌తో రాసిపెట్టుకున్నాడు. కోడి గీకినట్టుంది ఆ రాత. రాసినవాడే చదవాలి. ఆయన చదివాడు, నేను నొక్కాను. తెర పలక రకం. డిస్కు బదులు మెమరీ కార్డు. కీబోర్డు లేకపోయినా ఆగకూడదు. రెండో పోర్టుకు మూడో నంబరు. బోర్డు లేత్‌తో మాట్లాడే దారి అదే. ప్రతి వరుసా శుభలేఖ చదివినట్టు రెండేసిసార్లు చదివాడు. నేను విసుక్కుంటే, చెవిటివాళ్లకు మూడుసార్లు చదవాలి గానీ టైము లేదన్నాడు.

చివరగా గడియారం. మూత మీద తేదీ ఎలాగూ ఉండదు, నేనే కొట్టాను. నెల, రోజు, ఏడాది. ఏడాదికి రెండంకెల చోటే ఉంది. అన్నీ భద్రపరిచి బయటికొచ్చాను.

లేత్ సొంత తెర వెలిగింది. మేస్త్రీ నడుం సర్దుకుని ఆకుపచ్చ మీట నొక్కాడు. తెర మీద ఎర్ర వరుస వచ్చింది. 'పని చిట్టా సరిపోలేదు, ఆపివేయడమైనది.' ఏ పని ఏ తేదీన చేసిందో లేత్ రాసిపెట్టుకునే చిట్టా అది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

కార్డు చెడిందనుకున్నాను. అలాగైతే అందులోని ప్రోగ్రాం పోయినట్టే. అది రాసిన సంస్థ మూతపడి పదేళ్లయింది. ఇంతలో లారీ అరగంట ముందే వచ్చి గేటు దగ్గర హారన్ కొట్టింది. ఓనరమ్మ లోపలికొచ్చి నా ముఖం చూసింది. ఇంకేమీ అడగకుండా, లారీని లోపలికి రమ్మంటానంది.

మేస్త్రీ కదల్లేదు. నుదుటి మీది కళ్లద్దాలు దించుకుని తెర అడుగున ఉన్న వరుస చదువుతున్నాడు. నూనె వేయడానికి ఇంకెన్ని రోజులుందో చెప్పే వరుస అది. నేను దానివైపే చూడలేదు.

"చియూ, దీనికి నేను ప్రతి సోమవారం నూనె వేస్తాను. ఇవాళ వెయ్యాలి. ఇదేమో నాలుగు వేల పద్దెనిమిది రోజులు ఆగమంటోంది."

లెక్క పాడై ఉంటుందన్నాను. ఆయన వినిపించుకోలేదు. సుద్దముక్క తీసి నేల మీద భాగహారం వేశాడు. పదకొండేళ్లు, మిగిలినవి మూడు రోజులు. ఆ మూడూ లీపు ఏడాదులవన్నాడు.

పదకొండు అనగానే నా చెవులు వేడెక్కాయి. మా దీవిలో ఏడాదికి రెండు పేర్లు. ప్రపంచానికి ఇది రెండువేల ఇరవై అయిదు. మా కరెంటు బిల్లుకూ, ఆసుపత్రి చీటీకీ గణతంత్రం వచ్చిన నూట పద్నాలుగో ఏడు. చివరి రెండంకెల మధ్య తేడా ఎప్పుడూ పదకొండే. పొద్దున్నుంచి మూడు చీటీల మీద నూట పద్నాలుగు రాసిన చెయ్యి, రెండంకెల చోటు కనబడగానే ముందున్న ఒకటిని వదిలేసి పద్నాలుగు కొట్టేసింది. దాంతో లేత్ రెండువేల పద్నాలుగులోకి వెళ్లి కూర్చుంది. చిట్టాలో చూస్తే పదకొండేళ్ల తర్వాత చేయబోయే పని అప్పుడే పూర్తయి ఉంది. బుద్ధున్న యంత్రం ఏదైనా ఆగిపోతుంది.

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. మేస్త్రీ ముఖం వెలిగింది.

"నువ్వు పుట్టిందెప్పుడు అమ్మాయ్?"

"అరవై రెండులో."

"అంటే మన గణతంత్రం లెక్కలో యాభై రెండేళ్లు. అదే అరవై రెండును ప్రపంచం లెక్కలో పెడితే అరవై మూడేళ్లు. పొట్లం మీద తేదీ చదవడం వచ్చు గానీ పెట్టెలో తేదీ పెట్టడం రాదు. పోనీలే, లేబుళ్ల బల్ల దగ్గర నీకూ ఓ కుర్చీ వేయిస్తాను."

ఓనరమ్మ నవ్వు ఆపుకోవడానికి గేటువైపు తిరిగింది.

నేను మళ్లీ నీలం పేజీలోకి వెళ్లి ఇరవై అయిదు కొట్టాను. మేస్త్రీ వేలితో తెర మీద ఆ రెండంకెలూ తడిమి చూసి, అప్పుడు సరేనన్నాడు. అడుగు వరుస ఈసారి నూనె ఇవాళే అంది. నూనె వేసి, ఆకుపచ్చ మీట నొక్కాడు. లేత్ ఒళ్లు విరుచుకున్నట్టు మూలిగి తిరిగింది. నలభై సెకన్లకు ఇరుసు ట్రేలో పడింది.

ఓనరమ్మ దాన్ని గుడ్డతో పట్టుకుని, సైజు సరిచూసే రెండు వైపుల గేజులో దూర్చింది. పోవాల్సిన వైపు పోయింది, పోకూడని వైపు పోలేదు. రెండు కొసలూ చూసింది. గేటు దాకా తనే నడిచి వెళ్లి లారీవాడితో ఏదో చెప్పింది. వాడు సణుగుతూ ఖాళీ లారీని వెనక్కి తిప్పాడు.

తిరిగొచ్చి మేస్త్రీ ఎదురుగా నిలబడింది.

"ఇవాళ సరే. మీరు మానేశాక దీన్ని నడిపేదెవరు?"

"మీరే," అన్నాడు మేస్త్రీ. "గేజు పట్టుకోవడం వచ్చిందిగా, మిగతాది నేర్పుతాను. ముందు ఆ ఉంగరాలు తీసి పక్కన పెట్టండి ఓనరమ్మా, లేత్‌కు వేళ్లంటే మహా ఇష్టం."

ఆమె నావైపు ఒకసారి చూసి, మొదటి ఉంగరం లాగడం మొదలుపెట్టింది.